పోస్ట్‌కోడ్ చూసి కాపురం

సిడ్నీ తెలుగువాళ్లు కొత్త కారుకు పూజ చేయించాలన్నా, వైకుంఠ ఏకాదశికి స్వామి దర్శనం చేసుకోవాలన్నా నగరానికి దక్షిణంగా ఉన్న హెలెన్స్‌బర్గ్ దారి పడతారు. అక్కడి శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయంలో 1985లో ప్రతిష్ఠ జరిగింది. చుట్టూ అడవి, మధ్యలో తెల్లని గోపురం. ఆ ఊరు వొలంగాంగ్ నగరపాలక పరిధిలోకి వస్తుంది. పోస్ట్‌కోడ్ 2508. రైల్లో సిడ్నీ వైపు వస్తే తర్వాతి స్టేషన్ వాటర్‌ఫాల్, దాని పోస్ట్‌కోడ్ 2233. మామూలు ప్రయాణికుడికి ఈ రెండు అంకెలతో పనేమీ లేదు. కానీ 491 అనే వీసా మీద వచ్చిన కుటుంబానికి ఆ రెండు స్టేషన్ల మధ్య ఒక గీత ఉంది. హెలెన్స్‌బర్గ్‌లో ఇల్లు అద్దెకు తీసుకుంటే చట్టం ప్రకారం సరే. వాటర్‌ఫాల్‌లో తీసుకుంటే వీసా షరతు తప్పినట్టే.

ఆస్ట్రేలియా తన విశాలమైన నేలను ఇలా పోస్ట్‌కోడ్లుగా విడగొట్టి, కొన్నింటికి ‘రీజనల్’ అని పేరు పెట్టింది. 491 వీసావాళ్లు ఆ ప్రాంతాల్లోనే ఉండి పనిచేయాలి, అలా మూడేళ్లు గడిపాకే శాశ్వత నివాసం అడగొచ్చు. 2019 నవంబరు 16న అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం సిడ్నీ, మెల్బోర్న్, బ్రిస్బేన్ మహానగరాలు తప్ప మిగతా దేశమంతా రీజనలే. ఇరవై లక్షల జనాభా దాటిన పర్త్ రీజనల్. అడిలైడ్ రీజనల్. దేశ రాజధాని కాన్‌బెరా కూడా రీజనలే. రీజనల్ అన్న మాట వినగానే మన కళ్లముందు గొర్రెల మందలు, ఎర్రమట్టి రోడ్లు కదులుతాయి గానీ, పర్త్‌లో ఉన్నవాళ్లకు మెట్రోనగరంలో దొరికేవన్నీ దొరుకుతాయి. అదే 491 మీద, అవే షరతులతో, పర్త్‌కు తూర్పున ఆరు వందల కిలోమీటర్ల దూరంలో, బంగారు గనుల పక్కనున్న కాల్‌గూర్లీలోనూ ఉండొచ్చు. ఈ రెండు జీవితాలకూ పోలికే లేదు. కాగితం మీద మాత్రం రెండూ ఒకటే.

ఈ గీతలు ఎందుకు గీశారో అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. రెండు కోట్ల డెబ్భై లక్షల జనాభాలో దాదాపు ప్రతి అయిదుగురిలో ఇద్దరు సిడ్నీ, మెల్బోర్న్ నగరాల్లోనే ఉంటున్నారు. అక్కడ అద్దెలు మండిపోతున్నాయి, రోడ్లు నిండిపోతున్నాయి. లోపలి పట్టణాల్లో నర్సులు దొరకరు, టీచర్లు దొరకరు, వడ్రంగులు, వెల్డర్లు దొరకరు. వచ్చేవాళ్లను అటు మళ్లించాలని ప్రభుత్వం అనుకోవడం సహజమే. 2024-25లో ఆ దేశం శాశ్వత వలసలకు కేటాయించిన 1,85,000 చోట్లలో 33,000 ఈ రీజనల్ విభాగానికే పెట్టింది.

ఈ పద్ధతి కొత్తది కూడా కాదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక యూరప్ శరణార్థి శిబిరాల నుంచి జనాన్ని ఓడల్లో తీసుకొచ్చినప్పుడు, రెండేళ్లపాటు ప్రభుత్వం చెప్పిన చోట చెప్పిన పని చేస్తామని వాళ్లచేత ఒప్పందం రాయించుకున్నారు. 1947లో విక్టోరియా సరిహద్దున బోనెగిల్లాలో తెరిచిన శిబిరం గుండా 1971 వరకు మూడు లక్షల మందికి పైగా వలసదారులు దేశంలోకి వెళ్లారు. 1949లో మొదలైన స్నోయీ పర్వతాల జలవిద్యుత్ పథకంలో ముప్ఫైకి పైగా దేశాల నుంచి వచ్చిన లక్ష మంది కష్టపడ్డారు. వాళ్లలో కొందరు రెండేళ్లు కాగానే నగరాలకు వెళ్లిపోయారు. కొందరు కూమాలాంటి కొండ పట్టణాల్లోనే ఇళ్లు కట్టుకున్నారు. ఇవాళ్టి మూడేళ్ల షరతుకు పెద్దన్న ఆ రెండేళ్ల ఒప్పందమే. అప్పుడు వచ్చినవాళ్లకు వెనక్కి వెళ్లడానికి ఇల్లే లేదు. ఇప్పుడు వచ్చేవాళ్లు మంచి ఉద్యోగాలు వదులుకుని, లెక్కలు వేసుకుని మరీ వస్తున్నారు.

ఆ లెక్కలు ఎంత నిక్కచ్చిగా ఉంటాయో ఒక్కసారి దగ్గరగా చూడాలి. ఈ వీసాకు వయసు, చదువు, ఇంగ్లిష్, అనుభవం వంటివాటికి పాయింట్లు వేస్తారు. హైదరాబాద్‌లో పనిచేసే ముప్ఫై నాలుగేళ్ల సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ను ఊహించుకుందాం. వయసు 33 నుంచి 39 మధ్య కాబట్టి 25 పాయింట్లు. రెండేళ్ల కిందట, 33 నిండక ముందే ప్రయత్నించి ఉంటే, 30 వచ్చేవి. బీటెక్‌కు 15. పీటీఈ అనే ఇంగ్లిష్ పరీక్షలో అత్యున్నత స్థాయి తెచ్చుకుంటే 20. పదేళ్ల అనుభవం ఉంది. అయితే ఐటీ వాళ్ల అర్హతలు చూసే ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ మొదటి కొన్నేళ్లను నేర్చుకున్న కాలంగా తీసేస్తుంది. ఆరేళ్లు మిగిలాయనుకుంటే 10. భార్య ఇంగ్లిష్ పరీక్ష పాసైతే 5. మొత్తం 75. కనీస అర్హత 65 కాబట్టి గట్టెక్కినట్టే అనిపిస్తుంది. కానీ దరఖాస్తు పెట్టమని పిలుపు వచ్చేది వరసలో ముందున్నవాళ్లకు. నర్సుకో వడ్రంగికో తక్కువ పాయింట్లతోనే పిలుపు రావచ్చు, ఐటీ వరసలో 75 వెనకబడుతుంది. అప్పుడు ఒక్కో మెట్టూ వెతుక్కోవడం మొదలవుతుంది.

ఆ మెట్లలో ఒకటి మన తెలుగే. నాటీ అనే సంస్థ జరిపే భాషా పరీక్షలో తెలుగు కూడా ఉంది, పాసైతే 5 పాయింట్లు. ఒక్కోటి సుమారు మూడు వందల మాటలుండే రెండు సంభాషణలు వినిపిస్తారు. ఒకరు ఇంగ్లిష్‌లో, ఇంకొకరు తెలుగులో మాట్లాడతారు. ఇంటి అద్దె ఒప్పందం, ఆస్పత్రిలో మధుమేహం గురించి డాక్టరు చెప్పే జాగ్రత్తలు, బడిలో పిల్లవాడి హాజరు, కోర్టు నోటీసు ఇలాంటి విషయాలే ఉంటాయి. విన్నది విన్నట్టు అవతలి భాషలోకి మార్చాలి. 90 మార్కులకు 63 రావాలి, ఒక్కో సంభాషణలో 45కు 29 తగ్గకూడదు. ఇంగ్లిష్ మీడియంలో చదివి, ఆఫీసులో ఇంగ్లిష్‌లోనే పనిచేసి, ఇంట్లో సగం సగం మాట్లాడే తరానికి ఈ పరీక్ష తేలికేమీ కాదు. వాళ్లు దీనికోసం మళ్లీ తెలుగు వార్తలు విని, మాటలు పుస్తకంలో రాసుకుని నేర్చుకోవడం మెచ్చుకోవాల్సిన విషయం.

అలా 80. రాష్ట్రం నామినేట్ చేసే 190 వీసాకు మరో 5. రీజనల్ 491కు అయితే ఏకంగా 15. దీంతో 95. ఆ పదిహేను చూసే చాలామంది చేతులు 491 మీదకు పోతాయి. నలభై దాటితే వయసు పాయింట్లు 15కి పడిపోతాయి, పిలుపు అందేనాటికి నలభై అయిదు నిండితే అసలు తలుపే మూసుకుంటుంది. కాలం అలా తరుముతుంటే పదిహేను పాయింట్లు వద్దనుకునే ధైర్యం ఎవరికుంటుంది?

ఇక్కడే ఈ పద్ధతిలోని పెద్ద లోపం కనిపిస్తుంది. ఊరు ఒక అంకెగా మారిపోతోంది. ఏ రాష్ట్రం ఈ జులైలో తలుపు తెరిచింది, ఏ వృత్తి జాబితాలో ఉంది, ఏ రాష్ట్రం ముందే ఉద్యోగం చూపించమంటోంది, ఏది అడగడం లేదు అన్నవే కుటుంబాల మధ్య చర్చలు. టాస్మేనియా చలిదేశమా, డార్విన్‌లో వానాకాలం ఎలా ఉంటుంది, మౌంట్ గాంబియర్ నుంచి అడిలైడ్‌కు ఎంత దూరం అన్న ప్రశ్నలు వీసా చేతికొచ్చాకే పుడతాయి. ఆడపిల్లకు సంబంధం చూసేటప్పుడు మనవాళ్లు అబ్బాయి జీతంతో పాటు ఊరినీ, ఇరుగుపొరుగునూ, నీళ్ల సదుపాయాన్నీ ఆరా తీస్తారు. అయిదేళ్లు కాపురం పెట్టబోయే ఊరి విషయంలో ఆ ఆరా కనిపించడం లేదు. ఒక్క ప్రశ్న మాత్రం ఇంట్లో పెద్దవాళ్లు తప్పకుండా వేస్తారు: “అక్కడ మనవాళ్లెవరైనా ఉన్నారా?”

ఆ ప్రశ్నను పాతకాలపు బెంగగా కొట్టిపారేయకూడదు. 2016 జనాభా లెక్కల్లో ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 34 వేల పైచిలుకు. 2021 నాటికి దాదాపు 59 వేలు. అయిదేళ్లలో ఇంత పెరిగినా, ఎక్కువమంది ఉన్నది మెల్బోర్న్, సిడ్నీల చుట్టుపక్కలే. పర్త్, అడిలైడ్‌లలో ఉగాది పచ్చడి పంచుకునేందుకు తోటి తెలుగువాళ్లున్నారు. మిల్డూరా, డబ్బో లాంటి లోపలి పట్టణాల్లో ఆ పండుగ ఇంట్లో నలుగురే చేసుకోవాల్సి రావచ్చు. అద్దె ఇల్లు దొరక్క మొదటి వారమంతా మోటెల్‌లో గడపాల్సి వస్తే ఫోన్ చేయడానికి ఒక మనిషి ఉండటం ఎంత పెద్ద ఆసరానో వెళ్లినవాళ్లకే తెలుస్తుంది.

491 వీసా గడువు అయిదేళ్లు. ఇందులో మంచి చాలానే ఉంది, దాచాల్సిన పనిలేదు. ఏ యజమానికీ కట్టుబడి ఉండక్కర్లేదు, ఉద్యోగం మారొచ్చు, సొంత వ్యాపారం పెట్టొచ్చు. ప్రభుత్వ ఆరోగ్య పథకం మెడికేర్ వర్తిస్తుంది. భార్య లేదా భర్త కూడా రీజనల్ ప్రాంతంలో నచ్చిన పని చేయొచ్చు. అమెరికాలో గ్రీన్‌కార్డ్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న తెలుగు కుటుంబాలకు ఇది కలలాంటి స్వేచ్ఛ. మూడేళ్లు నియమం తప్పకుండా రీజనల్ ప్రాంతంలోనే ఉండి, అక్కడే పనిచేసి, మూడు ఆదాయ సంవత్సరాల పన్ను నోటీసులు చూపిస్తే 191 అనే శాశ్వత నివాస వీసాకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ 191 తలుపు 2022 నవంబరులో తెరుచుకుంది. రీజనల్ పోస్ట్‌కోడ్ దాటనంత వరకు ఒక పట్టణం నుంచి ఇంకో పట్టణానికి మారడానికి వీసా అడ్డు చెప్పదు. నామినేట్ చేసిన రాష్ట్రం మాత్రం తనకిచ్చిన మాట నిలబెట్టుకోమని కోరుతుంది. చిరునామా మారితే పద్నాలుగు రోజుల్లో తెలియజేయాలి.

కష్టం ఎక్కడంటే, వేళ్లూనుకోమని పిలిచిన దేశమే వేళ్లకు అడ్డు పెడుతోంది. 491 తాత్కాలిక వీసా. అందువల్ల ఇల్లు కొనే విషయంలో వీళ్లు విదేశీయుల కిందే లెక్క. 2025 ఏప్రిల్ 1 నుంచి విదేశీయులు, తాత్కాలిక నివాసులు పాత ఇళ్లు కొనకుండా ఆస్ట్రేలియా నిషేధం పెట్టింది. బెండిగో లాంటి రీజనల్ పట్టణం వీధిలో అమ్మకానికి బోర్డు పెట్టిన ఇల్లు నచ్చినా, డబ్బున్నా, శాశ్వత నివాసం వచ్చేదాకా చూసి వెళ్లిపోవాల్సిందే. పిల్లవాడు పన్నెండో తరగతి పూర్తి చేసి యూనివర్సిటీకి వెళ్తే, తల్లిదండ్రులు అదే ఊళ్లో పన్ను కడుతున్నా, అంతర్జాతీయ విద్యార్థి ఫీజు కట్టాలి. ఏడో తరగతి పిల్లలున్న కుటుంబానికీ, పదో తరగతి పిల్లలున్న కుటుంబానికీ ఈ వీసా ఒకటి కాదు. దరఖాస్తు పెట్టేముందు పిల్లల వయసుల్ని పక్కన రాసుకుని లెక్క చూసుకోవాలని ఎవరూ గట్టిగా చెప్పడం లేదు. చెప్పాలి.

భార్య సంగతి ఇంకా తక్కువగా మాట్లాడుకునే విషయం. ముఖ్య దరఖాస్తుదారు భర్త అయితే, రీజనల్‌లోనే ఉండి పనిచేయాలన్న షరతు ఆమెకూ వర్తిస్తుంది. అతని వృత్తి జాబితాలో ఉంది కాబట్టి ఆ ఊరికి వెళ్తారు. ఆమె చదువుకు తగిన పని అక్కడ ఉందా అని చూసేవాళ్లు తక్కువ. చిన్న పట్టణంలో బస్సులు తక్కువ, కారు లేకపోతే కూరగాయలకూ వెళ్లలేని పరిస్థితి. డ్రైవింగ్ రాని మనిషి మొదటి ఆరునెలలు ఇంట్లోనే బందీ అయిపోతుంది. ఏ ఊరికి వెళ్లాలన్న నిర్ణయంలో ఆమె మాట చివర కాక మొదట రావాలి.

మరి జనం నిలబడే ఊళ్లు లేవా? ఉన్నాయి. మెల్బోర్న్‌కు, అడిలైడ్‌కు దాదాపు మధ్యన నిల్ అనే చిన్న ఊరుంది. జనాభా రెండు వేలు. అక్కడి బాతుమాంసం కంపెనీకి పనివాళ్లు దొరక్క విస్తరణ ఆగిపోయింది. 2010 ప్రాంతంలో మెల్బోర్న్‌లో ఉంటున్న బర్మా కరెన్ శరణార్థి కుటుంబాలతో కంపెనీ వాళ్లు మాట్లాడారు. కొద్దిమంది వచ్చారు, తర్వాత వాళ్ల బంధువులు వచ్చారు. అయిదేళ్లలో రెండు వందల మంది దాకా అయ్యారు. ఊరివాళ్లు ఇళ్లు చూసిపెట్టారు, ఇంగ్లిష్ నేర్పారు. వలసదారులకు సేవలందించే ఏమ్స్, సలహా సంస్థ డెలాయిట్ 2015లో వేసిన అంచనా ప్రకారం ఆ కుటుంబాల రాక వల్ల ఆ ప్రాంత ఆర్థిక వ్యవస్థకు 4 కోట్ల 15 లక్షల డాలర్లు చేరాయి. వాళ్లు శరణార్థులు, 491 వాళ్లు కారు. అయినా గమనించాల్సింది ఒకటుంది. అక్కడ పని ముందే సిద్ధంగా ఉంది. వచ్చేవాళ్లకు ఊరి గురించి, ఊరివాళ్లకు వచ్చేవాళ్ల గురించి ముందే తెలుసు. వాళ్లను ఆ ఊళ్లో కట్టిపడేసే షరతేదీ లేదు.

న్యూసౌత్‌వేల్స్ తీరాన ఉల్‌గూల్గా ఇంకో ఉదాహరణ. పంజాబ్ నుంచి వచ్చిన సిక్కులు అక్కడి అరటి తోటల్లో కూలీలుగా మొదలై, ఆ తోటలకే యజమానులయ్యారు. 1968లో గురుద్వారా కట్టుకున్నారు. ఇప్పుడు వాళ్ల మనవలు ఆ ఊరివాళ్లే.

ఈ అనుభవం తెలుగువాళ్లకు కొత్త కాదు. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక కోస్తా జిల్లాల రైతులు బోధన్, వర్ని ప్రాంతాలకు వెళ్లి పొలాలు చేశారు. తుంగభద్ర కాల్వల వెంట గంగావతి, సింధనూరు దాకా వెళ్లి స్థిరపడ్డారు. ఆ ఊళ్ల పేర్ల చివర ఇప్పటికీ ‘క్యాంప్’ అనే ఉంటుంది. గుడారాలేసుకుని తాత్కాలికంగా దిగిన చోటు శాశ్వతమైంది, ఆ క్యాంపుల్లో పుట్టినవాళ్లు ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం మాట్లాడతారు. వాళ్లు వెళ్లేముందు ఏం చేశారు? పెద్దవాడొకడు ముందు వెళ్లి మట్టి చేత్తో పట్టుకుని చూశాడు. కాలువ నీళ్లు వస్తున్నాయా, వరి పండుతుందా అని అడిగి తెలుసుకున్నాడు. ఆ తర్వాతే బండ్లు కదిలాయి. ఈ తరానికి ఉన్న ఇంటర్నెట్టూ ఫోనూ వాళ్లకు లేవు, అయినా ఊరి గురించి మనకన్నా ఎక్కువ తెలుసుకుని వెళ్లారు.

దారిలో ఉన్న ముళ్ల గురించి కూడా సూటిగా చెప్పుకోవాలి. నామినేషన్ ఖాయం చేయిస్తామని హామీ ఇచ్చే కన్సల్టెన్సీలు మన నగరాల్లో వీధికొకటి కనిపిస్తాయి. ఎవరికి పిలుపు పంపాలన్నది ఆస్ట్రేలియా ప్రభుత్వం, రాష్ట్రాలు నిర్ణయిస్తాయి, ఏజెంట్ చేతిలో ఆ అధికారం లేదు. సలహా అవసరమైతే ఆ దేశ ప్రభుత్వం దగ్గర నమోదైన మైగ్రేషన్ ఏజెంట్‌నే అడగాలి. వాళ్లకు రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అది సరైనదో కాదో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. అనుభవం సర్టిఫికెట్‌లో ఒక్క ఏడాది అబద్ధం రాసినా, బయటపడితే వీసా పోవడమే కాదు, సాధారణంగా మూడేళ్లపాటు కొత్త వీసా కూడా ఇవ్వరు. ఒకరు చేసిన తప్పు దరఖాస్తులో ఉన్న భార్యాపిల్లల్నీ పట్టుకుంటుంది. వీసా రుసుమే ముఖ్య దరఖాస్తుదారు ఒక్కరికే నాలుగున్నర వేల ఆస్ట్రేలియా డాలర్లు దాటింది. అర్హతల పరిశీలన, భాషా పరీక్షలు, వైద్య పరీక్షలు వేరు. పిలుపు వచ్చాక దరఖాస్తు వేయడానికి అరవై రోజులే గడువు. అన్నీ ముందే సిద్ధం చేసుకోకపోతే ఆ అరవై రోజులు పరుగుల్లోనే అయిపోతాయి.

ఆస్ట్రేలియా ప్రభుత్వం 2023లో తన వలస విధానాన్ని సమీక్షించుకుంది. పాయింట్ల పద్ధతిని మార్చాలన్న చర్చ అప్పటి నుంచీ నడుస్తోంది. రేపు పదిహేను పది కావచ్చు, ఇంకో నగరం రీజనల్ జాబితాలోంచి పోవచ్చు. పర్త్ విషయంలో అలా పోవడమూ, మళ్లీ రావడమూ ఇప్పటికే జరిగాయి. నిబంధనలు మారేకొద్దీ మనం పాయింట్ల వెంట పరిగెత్తుతుంటే ఊరి సంగతి ఎప్పటికీ చివరికే మిగులుతుంది.

కాబట్టి ఈ దారిలో ఉన్నవాళ్లకు ఒక మనవి. ఆసక్తి తెలియజేసే ఈఓఐ పత్రం వేసేముందు ఒక ఆదివారం భార్యాభర్తలిద్దరూ కలిసి కూర్చోండి. రాష్ట్రం పేరుతో సరిపెట్టుకోక మూడు ఊళ్ల పేర్లు రాసుకోండి. ఆ ఊళ్లలో మీ ఇద్దరి వృత్తులకూ గత నెలలో ఎన్ని ఉద్యోగ ప్రకటనలు వచ్చాయో చూడండి. ఇద్దరు పిల్లలున్న ఇంటికి అద్దె ఎంతో, అలాంటి ఇళ్లు ఎన్ని ఖాళీగా ఉన్నాయో చూడండి. ప్రసవానికి వెళ్లాల్సిన ఆస్పత్రి ఎంత దూరమో, పిల్లల బడికి నడిచి వెళ్లొచ్చో లేదో తెలుసుకోండి. ఆ ఊళ్లో ఇప్పటికే ఉంటున్న ఒక్క కుటుంబంతోనైనా, తెలుగువాళ్లే కానక్కర్లేదు, ఫోన్‌లో మాట్లాడండి. చలికాలం ఎలా గడుస్తుందో, వారాంతం ఏం చేస్తారో, అక్కడే ఉండిపోతారా అని అడగండి. ఆ మూడింటిలో మీ ఇద్దరికీ పని దొరికే ఊరు ఒక్కటైనా కనిపిస్తే దరఖాస్తు పెట్టండి. కనిపించకపోతే 190 కోసమో, మరో ఏడాది కోసమో ఆగండి.